సింహమన్నారు, గొర్రెపిల్ల నిలబడింది: ఆత్మకూరు గేరుల్లో విజయస్తుతి

దేవుడు గెలిచాడు, సాతాను ఓడిపోయాడు, చావుకే చావొచ్చింది అని చెప్పే పాటలు వింటూ పెరిగినవాళ్ళం మనం. మాల గేరిలో, మాదిగ గేరిలో డిసెంబరు 31 రాత్రి కూడికలో పాడతారు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర పాడతారు. మనిషి పోతే పెట్టె వెంట నడుస్తూ పాడతారు. ఇంత పాటను తెలుగు సాహిత్య విమర్శ పాటగా లెక్కేసింది చాలా తక్కువ. అభ్యుదయ విమర్శకులు మత్తుమందని పక్కన పెట్టారు. సంప్రదాయవాదులు పరాయి సరుకన్నారు. పాస్టర్లు ఇది ఆత్మీయమైనది, విమర్శకు అందదన్నారు. ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ ఒక్క విషయంలో మాత్రం కలుస్తారు. ఈ పాటలో లోకం లేదు, పరలోకమే ఉంది అని.

మేము దీన్ని ఒప్పుకోము. ఈ స్తుతి పుట్టుకలోనే లోకం ఉంది. అందులో బజారు ఉంది, రాజు ఉన్నాడు, ఓడ ఉంది, బానిస ఉన్నాడు. చెడుకు ఊరూ పేరూ చెప్పి, అది కూలిపోయిందని పాడిన పాట అది. మన గేరికి చేరేసరికి ఆ ఊరూ పేరూ రాలిపోయాయి. ఎట్లా రాలిపోయాయి, ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్నాయా అన్నదే ఇక్కడ మాట్లాడదల్చుకున్నాం. ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో విన్న స్తుతులు, ప్రసంగాలు మా మనసులో ఉన్నాయి. పాటల్ని ఎత్తి రాయడం లేదు. ఆ పాట ఏ నేల మీద నిలబడి పాడుతున్నారు అన్నది మాకు ముఖ్యం.

ముందు మూలం చూద్దాం. హల్లెలూయ అనే మాట కొత్త నిబంధన మొత్తంలో నాలుగే నాలుగు సార్లు వస్తుంది. ఆ నాలుగూ ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలోనే. యేసు పుట్టినప్పుడు ఆ మాట లేదు, సమాధిలోంచి లేచినప్పుడు లేదు. బబులోను అనే మహానగరం కూలిందన్న కబురు విన్నాకనే పరలోకంలో గుంపు ఆ మాట ఎత్తుకుంది. ఆ నగరం రోము అని, గ్రంథం మొదటి శతాబ్దం చివర చిన్న ఆసియా సంఘాల కోసం రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రాసిన యోహాను పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్నవాడు. అంటే సర్కారు కంటికి నేరస్తుడు.

19వ అధ్యాయానికి ముందు 18 ఉంది కదా. మేము విన్న ప్రసంగాల్లో ఆ అధ్యాయం మీదుగా అందరూ గబగబా నడిచిపోతారు. అందులో ఏముంది? నగరం తగలబడుతుంటే దూరాన నిలబడి ఏడ్చేవాళ్ళు ముగ్గురు: రాజులు, వర్తకులు, ఓడల యజమానులు. ఎందుకేడుస్తున్నారు? సరుకు కొనేవాడు లేడని. ఆ సరుకుల జాబితా పాతికకు పైనే. బంగారంతో మొదలవుతుంది. పట్టు, దంతం, పాలరాయి, దాల్చినచెక్క, సాంబ్రాణి, ద్రాక్షసారా, గోధుమలు, పశువులు, గుర్రాలు, రథాలు అని దిగుతూ దిగుతూ చిట్టచివర మనుషుల దగ్గర ఆగుతుంది. బానిసలు, మనుషుల ప్రాణాలు. బంగారం పైన, మనిషి కింద. దీన్ని చదివితే మనకు వేరే వ్యాఖ్యానం కావాలా? ఆ జాబితా కూలినందుకే హల్లెలూయ. బజారు పద్దు తెలియకుండా ఈ స్తుతిని అర్థం చేసుకోవాలనుకోవడం, అప్పు సంగతి చెప్పకుండా రసీదు చదివినట్టు.

ఈ పుస్తకం మన ప్రాంతానికి ఎవరు తెచ్చారన్నది కూడా చెప్పుకోవాలి. 19వ శతాబ్దం మధ్యలో కడప, కర్నూలు జిల్లాల్లోకి వచ్చిన మిషన్లలో ఒకటి ఇంగ్లండు చర్చికి చెందిన సువార్త వ్యాప్తి సంఘం, ఎస్.పి.జి. ఆళ్ళగడ్డ దాపున ముత్యాలపాడు దాని కేంద్రాల్లో ఒకటి. తర్వాత నంద్యాల. బళ్ళు పెట్టారు, ముఖ్యంగా మాలల పిల్లలకు అక్షరం ముక్క చెప్పారు. ఊరి బడి గడప తొక్కనివ్వని కాలంలో అది చిన్న పని కాదు, మాలాంటివాళ్ళం ఈ వ్యాసం రాయగలుగుతున్నామంటే దాని వెనక ఆ పలకా బలపం ఉన్నాయి. అయితే అదే సంఘం 1710లో వీలునామా ద్వారా వచ్చిన కాడ్రింగ్టన్ తోటలకు బార్బడోస్ దీవిలో యజమాని. ఆ చెరుకు తోటల్లో పని చేసింది ఆఫ్రికా బానిసలు. తొలి రోజుల్లో వాళ్ళ రొమ్ముల మీద సొసైటీ అనే ముద్ర కాల్చి వేసేవారు. 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యేదాకా బానిసలు ఆ సంఘం ఆస్తిగానే ఉన్నారు. 2006లో ఇంగ్లండు చర్చి ఇందుకు క్షమాపణ చెప్పింది. జాబితాలో చిట్టచివరి సరుకును పద్దులో రాసుకున్నవాళ్ళే జాబితా కూలిన పాటను మనకు నేర్పారన్నమాట. మిషన్ ఉన్నత పాఠశాలల్లో క్రిస్మస్‌కు పాడించే హాండెల్ హల్లెలూయ బృందగానం కూడా ఇదే అధ్యాయంలోది. 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడిన ఆ రచన కర్తకు బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలుండేవని సంగీత చరిత్రకారులు పద్దుపుస్తకాలు తీసి చూపించారు. ఇది ఎత్తిపొడుపు కోసం చెప్పడం లేదు. పాట గొంతులు మారుతూ వస్తుందని, ఏ గొంతు పాడితే ఆ గొంతుకు అడ్డమొచ్చిన చరణం జారిపోతుందని చెప్పడానికే.

మన దగ్గర జారిపోయిందేమిటో చూద్దాం. బబులోను పోయింది. దాని చోట్లో ఏం కూర్చుంది? పెద్దమ్మ, సుంకులమ్మ, మారెమ్మ కూర్చున్నారు. తప్పెట కూర్చుంది. కల్లు కూర్చుంది. మిషన్ బోధనలో చెడు అంటే చాలావరకు గేరి లోపలిదే అయింది, ఊరి నడిమధ్య ఉన్న రెడ్డి చావడి కాలేదు. మన అవ్వలు కొలిచిన దేవతలు దయ్యాల పట్టికలోకి పోయారు. ఇప్పటికీ సాతాను మీద విజయం అని పాడుతుంటే చాలామంది కళ్ళ ముందు వచ్చేది పక్కింటివాళ్ళు మొక్కే వేపచెట్టు కింది రాయి. ఒకే గేరిలో సగం మంది స్తుతి, మిగతా సగం మంది మీద యుద్ధం కావడం మనకు ఎవరు చేసిన మేలు?

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. తప్పెట మానడాన్ని ఉత్త సాంస్కృతిక నష్టంగా మాత్రమే చూసే విమర్శ ఈమధ్య బాగా వినబడుతోంది. అది సగం నిజం. ఒంగోలు ప్రాంతంలో 1860లు, 70లలో మాదిగ క్రైస్తవులు తప్పెట కొట్టేది లేదు, చచ్చిన గొడ్డు తినేది లేదు, ఆదివారం పనికొచ్చేది లేదు అని తెగేసి చెప్పారు. ఊరి పెద్దలు వాళ్ళను వెలివేసి సాధించారు. తప్పెట వాళ్ళకు కళ కాదు, వెట్టి. పిలిస్తే పోవాలి, కొట్టాలి, దూరాన నిలబడాలి. అటువంటి తప్పెటను కింద పడేయడం సమ్మె. సమ్మె ముగిశాక పనిముట్టును మన షరతుల మీద మళ్ళీ చేతికి తీసుకోవడం మరో సంగతి, అది ఆలస్యంగా జరిగింది. గుడిలో తప్పెట కొడితే ఇవాళ్టికీ ముఖం చిట్లించే పెద్దలున్నారు. రాగం, తాళం పేర్లు వేసి అచ్చైన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మర్యాద, చెక్కభజన మోటు అన్న లెక్క ఇంకా పోలేదు. స్తుతికి కులం అంటుకున్న చోటు ఇదే.

జాతర సంగతి ఎత్తాం కాబట్టి దున్నపోతు కథ కూడా చూడాలి. 1916లో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద వేసిన పుస్తకంలో ఈ కథ రికార్డయింది. అంటరాని కులం వాడొకడు కులం దాచి బ్రాహ్మణ పిల్లను పెళ్ళాడతాడు. నిజం తెలిసి ఆమె నిప్పుల్లో పడి దేవతవుతుంది. వాడు దున్నపోతవుతాడు. ఏటేటా జాతరలో నరికేది వాణ్ణి. నరికేటప్పుడు తప్పెట కొట్టేది ఎవరు? వాడి వారసులు. చెడు మీద మంచి గెలిచిందన్న పండుగలో చచ్చేదీ మనమే, చావుకు వాయించేదీ మనమే. దీని తర్వాత పురాణాలకు పోతే ఆశ్చర్యమేమీ లేదు. నరకుడు, మహిషుడు, బలి. 1873లో గులామ్‌గిరిలో జోతిబా ఫూలే ఈ కథల్ని తిరగేసి చదివాడు. దేవుడు గెలిచాడని రాసిన ప్రతిచోటా ఓడిపోయిన మూలవాసి ఎవరని అడిగాడు. బలిని మన రాజన్నాడు.

ఆత్మకూరు మనిషికి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. ఒకవైపు నల్లమల దాటితే శ్రీశైలం. అక్కడి భ్రమరాంబ తుమ్మెదల రూపంలో అరుణాసురుణ్ణి చంపిందని స్థలపురాణం. ఇంకోవైపు ఆళ్ళగడ్డ పక్కన అహోబిలం. అక్కడి నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి గోళ్ళతో చీల్చాడు. సంక్రాంతి తర్వాత ఆ దేవుడు పారువేటకని నెలకు పైగా ఊళ్ళు తిరుగుతాడు. అంటే ఈ తాలూకా రెండు అసుర సంహారాల నడుమ ఉంది. చెడు మీద అంతిమ విజయం అన్న మాట ఇక్కడ కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, గాలిలోనే ఉంది. అటువంటి గాలిలో మాల మాదిగలు వేరే విజయగీతం ఎందుకు ఎంచుకున్నారు? గోధుమ రవ్వ కోసం, పాలపొడి కోసం అని చెప్పే జవాబు మనకు తెలుసు. గోధుమ రవ్వ ఆగిపోయి ఎన్నేళ్ళయింది? పాట ఆగలేదే.

మా జవాబు ప్రకటన గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. ముద్రలు వేసిన చుట్ట ఒకటి దేవుని చేతిలో ఉంటుంది. దాన్ని విప్పగలిగినవాడు లేడని యోహాను ఏడుస్తాడు. ఏడవకు, యూదా గోత్రపు సింహం గెలిచిందని పెద్దల్లో ఒకాయన చెప్తాడు. యోహాను తలెత్తి చూస్తాడు. సింహం లేదు. వధింపబడిన గొర్రెపిల్ల నిలబడి ఉంది. సింహమని పిలిచి గొర్రెపిల్లను చూపించడం ఈ గ్రంథంలోని అన్నిటికన్నా పెద్ద తిరగబాటు. అహోబిలంలో గెలిచింది గోళ్ళున్నది. జాతరలో గెలిచింది కత్తి ఉన్నది. ఇక్కడ గెలిచింది కోతకు గురైనది, గాయం మాననిది. నరికిన దున్నపోతు లేచి నిలబడి, చుట్ట నాకివ్వండి నేను విప్పుతానన్నట్టు. గేరిలో ఈ కథ అతుక్కుపోవడానికి దొరల పాలపొడి అవసరం లేదు. మన జాతరలో మనకు దొరకని పాత్ర ఇందులో దొరికింది.

అయితే ఈ గ్రంథం కడిగిన ముత్యమని మేము అనడం లేదు. 19వ అధ్యాయం సగం నుంచి తెల్లగుర్రం వస్తుంది, నోటి నుంచి కత్తి వస్తుంది, రాజుల మాంసం తినమని పక్షులకు పిలుపు వస్తుంది. అణగారినవాడి పగ అందులో దాచుకోకుండా ఉంది. దానికంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి: ఆ మహానగరాన్ని వేశ్యగా రాయడం. దోపిడీ చేసిన సామ్రాజ్యాన్ని ఆడదాని ఒంటి మీదికి తెచ్చి, ఆ ఒంటిని బట్టలూడదీసి కాల్చడం. దీన్ని 1992లోనే టీనా పిపిన్ అనే స్త్రీవాద పరిశోధకురాలు నిలదీసింది. మన సీమలో ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. బసివిని చేసి వదిలింది మన గేరి ఆడపిల్లల్నే. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. బసివి కూతురు స్తుతి కూడికలో కూర్చుని వేశ్య కాలిన పొగ యుగయుగాలు లేస్తుందని హల్లెలూయ ఎట్లా అంటుంది? ఆమెను అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు పాటలో వర్తకులుగా దూరాన నిలబడి ఏడుస్తున్నారు, బతికే ఉన్నారు. ఈ చోట పాటను మార్చి పాడుకోవాల్సిందే. దళిత స్త్రీలు మార్చి పాడతారు కూడా. ప్రార్థనలో మూడొంతుల మంది వాళ్ళే, పుల్పిట్ మాత్రం మగవాడిది.

గొర్రెపిల్ల సంగతి అయ్యాక నీళ్ళ సంగతి. కొత్త ఆకాశం, కొత్త భూమి వచ్చినప్పుడు సముద్రం ఇక ఉండదని 21వ అధ్యాయం మొదట్లోనే ఉంది. వ్యాఖ్యాతలు దీనికి రకరకాల అర్థాలు చెప్తారు. ఆ గ్రంథంలో మృగం సముద్రంలోంచి లేస్తుంది, రోము ఓడలు సముద్రం మీదనే వస్తాయి, యోహానును దీవిలో బందీ చేసింది కూడా సముద్రమే. ఆత్మకూరు వైపు దీనికి ఇంకో అర్థం ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు మునిగాయి. కృష్ణ ఒడ్డున బతికిన గేరులు మునిగాయి. గుళ్ళు మునిగితే ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. మునిగిపోయిన ఇంకో సంగమేశ్వరం ప్రతి ఎండాకాలం నీళ్ళలోంచి బయటపడుతుంది. దేవుడు బయటపడ్డాడని పత్రికలు ఏటా రాస్తాయి, జనం బళ్ళు కట్టుకుని పోతారు. పక్కనే బయటపడే గోడల మొదళ్ళు, రోళ్ళు, సమాధులు ఎవరివని ఎవరూ రాయరు. 1894 నాటి భూసేకరణ చట్టం ఆస్తి మీద హక్కున్నవాడికే నష్టపరిహారం లెక్కగట్టింది. కూలి పోయినవాడికి ఆ లెక్కలో గడి లేదు.

ఆ నీళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి? పోతిరెడ్డిపాడు తూముల్లోంచి, వెలుగోడు జలాశయం మీదుగా తెలుగుగంగ కాలువలో, చెన్నై నగరం దాకా. ఆ నీళ్ళు మంచివే, తాగేవాళ్ళు మనవంటి మనుషులే. కానీ కొత్త భూమి మీద సముద్రం ఉండదన్న మాట ముంపు పల్లెల నుంచి లేచొచ్చినవాళ్ళు పాడితే, అది వేదాంతం కాదు. పాత ఊరు, పాత సమాధులు మళ్ళీ బయటికి రావాలన్న అర్జీ. 20వ అధ్యాయంలో సముద్రం తనలోని మృతుల్ని అప్పగిస్తుందని కూడా ఉంది. ముంపు సమాధులున్న కుటుంబంలో ఆ మాట ఎట్లా వినబడుతుందో నగరంలో కూర్చున్న వ్యాఖ్యాత ఊహించలేడు. విమర్శ చేయవలసిన పని ఇదే కదా: ఒక మాట ఎక్కడ నిలబడి చదివితే బరువెక్కుతుందో చూపించడం.

ఇంక అసలు కష్టమైన చోటుకు వద్దాం. 6వ అధ్యాయంలో బలిపీఠం కింద చంపబడినవాళ్ళ ప్రాణాలుంటాయి. ఎంతకాలం, మా రక్తానికి తీర్పు ఎప్పుడు అని పెద్ద గొంతుతో అడుగుతాయి. వాళ్ళకు తెల్లటి అంగీ ఇచ్చి, ఇంకా కాసేపు ఆగమంటారు. 19లోని హల్లెలూయ ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు. తన సేవకుల రక్తానికి దేవుడు తీర్పు తీర్చాడన్నదే అక్కడ స్తుతికి కారణం. ప్రశ్న వదిలేసి జవాబు పాడితే ఏమవుతుంది? గెలుపు ఉంటుంది గానీ ఎవరి మీద గెలుపో ఉండదు. మన కూడికల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. కీబోర్డు పెట్టి, ఎకో పెట్టి పాడే కొత్త స్తుతుల్లో విజయం నా విజయం. నా జబ్బు మీద, నా అప్పు మీద, నా మీద కుళ్ళుకునే శత్రువు మీద. జబ్బూ అప్పూ చిన్న విషయాలని మేము అనం, ఆసుపత్రి లేని ఊళ్ళో స్వస్థత ప్రార్థనను వెక్కిరించేవాడికి ఆసుపత్రి ఉందని అర్థం. కానీ అప్పు ఇచ్చినవాడి పేరు, వడ్డీ ఎంతన్నది పాటలోకి రావడం లేదు.

చెడుకు పేరూ ఊరూ చెప్తే ఏం జరుగుతుందో మన కళ్ళ ముందే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద లేచిన ఆడవాళ్ళను గుర్తుచేసుకోండి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అంతకుముందు సారా అంటే మగవాడి బలహీనత, సాతాను శోధన. ఆ ఆడవాళ్ళు దాన్ని మొగుడి గొంతులోంచి తీసి దుకాణం మీద, అక్కడి నుంచి కలెక్టరు ఆఫీసులో వేలంపాట మీద పెట్టారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. అది 1997లో ఎత్తేశారన్నది వేరే కథ, బబులోనుకు రెవెన్యూ కావాలి. వేలంపాట అంటే వర్తకుల జాబితాయే. 18వ అధ్యాయంలో ద్రాక్షసారా కూడా ఉంది మరి.

బలిపీఠం కింది ప్రశ్నను కారంచేడు, చుండూరు పక్కన పెట్టి చదవాలి. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. రెండు చోట్లా బాధితుల్లో క్రైస్తవులున్నారు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఒకరికి యావజ్జీవం, మిగిలినవాళ్ళకు తక్కువ శిక్షలు. ఇరవై మూడేళ్ళు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అక్కడా ఇరవై మూడేళ్ళే. ఎంతకాలం అన్న ప్రశ్నకు మన దగ్గర అంకె ఉంది. చుండూరు వాళ్ళు మృతుల్ని ఊరి నడిమధ్య పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. బలిపీఠం కింది ప్రాణాలు అన్న మాటకు తెలుగులో ఇంతకంటే మంచి అనువాదం మాకు తెలియదు. హైకోర్టు విడుదల తీర్పు తర్వాత అటువంటి ఊళ్ళో దేవుని తీర్పులు సత్యమైనవి, న్యాయమైనవి అని స్తుతిస్తే, అది కోర్టును ధిక్కరించడం కాదా? చేతకానివాడి ఓదార్పు అని మన అభ్యుదయ మిత్రులు ఎందుకంటారు? కింది కోర్టు, పై కోర్టు అయిపోయాక ఇంకా పై కోర్టు ఉందని చెప్పి కేసు మూసేయనివ్వకపోవడం అది. 1987లో అలన్ బోసాక్ జాత్యహంకార దక్షిణాఫ్రికా నుంచి ప్రకటన గ్రంథాన్ని చదివినప్పుడు ఓదార్పును, నిరసనను విడదీయలేదు.

కానీ పై కోర్టుకు పోవాలన్నా పేరుండాలి. అంతిమ తీర్పు రోజున గ్రంథాలు విప్పుతారని, జీవగ్రంథంలో పేరు చూస్తారని 20వ అధ్యాయం. మండల ఆఫీసులో కూడా ఒక గ్రంథముంది. 1950 ఆగస్టు నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితుడు బి.సి.-సి, ఒక్క శాతం. అందుకని గేరిలో మనిషికి రెండు పేర్లు: బాప్తిస్మం పేరొకటి, సర్టిఫికెట్ పేరొకటి. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని ఆయన పెట్టిన కేసు కొట్టేసింది. మతం మారితే కులం ఉండదని ఆ తర్కం. తిట్టినవాడు బాప్తిస్మం చూసి తిడతాడా? మేము విజయం అని పాడే మనిషి, ఆ పాట పాడినట్టు సాక్ష్యం దొరికితే కేసు ఓడిపోతాడు. విజయస్తుతికి ఇంత ఖరీదు రోము తర్వాత మన దగ్గరే ఉన్నట్టుంది. దీని మీద పాట రావడం లేదు. రాకపోవడానికి కారణం భయమని మాకు తెలుసు, భయపడేవాళ్ళను తప్పుపట్టే హక్కు ఫెలోషిప్ తీసుకునే మాకు లేదు.

జాషువా 1941లోనే ఈ ఇరుకు నుంచి దారి వెతికాడు. పుట్టుకతో క్రైస్తవుడైన కవి, గుడిలోకి పోగల గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి అర్జీ పంపాడు. ఆయనే 1958లో క్రీస్తు చరిత్ర రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. విమర్శకులు గబ్బిలాన్ని సాహిత్యంలో, క్రీస్తు చరిత్రను భక్తిలో పెట్టి చదివారు. మద్దూరి నగేష్‌బాబు నరలోక ప్రార్థన వచ్చాక ఆ గోడ కొంత కూలింది. అందులో ప్రార్థనే నిలదీసే మాట అయింది. అది పుస్తకంగా వచ్చిన కవిత్వం, చదువుకున్నవాళ్ళు చదివారు. గేరి స్తుతి నోటి మీద ఉంది, దాన్ని అక్షరం రాని అవ్వలు మోస్తున్నారు. వాళ్ళ పాటల్లో 6వ అధ్యాయం ఇంకా బతికే ఉంది. ముఖ్యంగా చావు దగ్గర ఏడుస్తూ పాడేటప్పుడు. ఏడుపు రాగంలో దేవుణ్ణి ఏకవచనంలో నిలదీస్తారు, ఇంకా ఎన్నాళ్ళు చూస్తావని అడుగుతారు. ఆ తర్వాత అదే గొంతుతో స్తుతి ఎత్తుకుంటారు. పాస్టరు వచ్చేసరికి మొదటి భాగం ఆపేస్తారు.

ఈ మొదటి భాగాన్ని రాసిపెట్టే పని మొదలు కావాలి. టేపు పెట్టి అడిగితే స్తుతి మాత్రమే పాడతారు, నిలదీసేది పాడరు. అది పాటని వాళ్ళు అనుకోవడం లేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టేటప్పుడు పునరుత్థాన వాక్యంతో పాటు 6, 18 అధ్యాయాలు కూడా బయటికి చదవాలని ఆత్మకూరు వైపు మిత్రులు కొందరు సంఘ పెద్దల్ని అడుగుతున్నారు. సమాధుల దొడ్డి ఏటికేడు గట్టు జరిగి పక్క పొలంలో కలుస్తున్న ఊళ్ళవి. ఒక చోట పెద్దలు ఒప్పుకున్నారు. ఇంకో చోట 6 చదువుతాం గానీ 18 వద్దు, పక్క పొలం ఆసామి కూడా ఆ వేళకు నీళ్ళు కట్టడానికి వస్తాడు, వింటాడు అన్నారట.